సారు కోసం పెట్టిన తగాదా

ముందు ఒక మాట తేల్చుకోవాలి. ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో నేను ఇద్దరు ఆడవాళ్ల మధ్య నిప్పు పెట్టి, ఆ మంట దగ్గర నా ఉద్యోగానికి చలి కాచుకున్నానని మా అన్న ప్రతి పెళ్లిలోనూ, ప్రతి క్రిస్మస్ భోజనాల్లోనూ చెప్తుంటాడు. "మా చెల్లెలు కొట్లాట లేని ఊర్లో కొట్లాట పుట్టించింది" అని మొదలుపెట్టి, విస్తర్లు ఎత్తేదాకా సాగదీస్తాడు. వినేవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతారు. నేను అవతలి వరసలో పెరుగు వడ్డిస్తూ పళ్లు నూరుకుంటాను. వాడు చెప్పేదాంట్లో సారు రావడం నిజం, కొట్లాట జరగడం నిజం, నేనక్కడ ఉండడం నిజం. కొట్లాడమని నేను చెప్పడం మాత్రం శుద్ధ అబద్ధం. వాడు ఆ రోజు నంద్యాల బస్టాండు పక్కన తన జిరాక్స్ షాపులో కూర్చుని ఎవరివో మార్కుల కాగితాలు తీస్తున్నాడు. అక్కడ లేనివాడి మాట నమ్ముతారా, అక్కడ ఉన్నదాని మాట నమ్ముతారా, మీరే చూసుకోండి.

ఆ రోజుల్లో ఆడపిల్ల ఎం.ఏ. చదివిందంటే "ఇంక చాలులే" అనేవాళ్లు, ఉద్యోగం చేస్తానంటే "టీచరుద్యోగమా?" అనేవాళ్లు. ఈ రెండు మాటల మధ్య మూడో మాట ఉంటుందని ఎవరికీ తోచేది కాదు. మా ఇంట్లో మరీ. మా నాయన టీచరు, మా అమ్మ టీచరు, ఆదివారం చర్చిలో మా వరసలో కూర్చునేవాళ్లందరూ టీచర్లే. (పాస్టరుగారు ప్రసంగంలో వాక్యం తప్పు చదివితే ఆ వరసంతా ఒక్కసారి తలెత్తేది, పాపం ఆయన వణికిపోయేవాడు.) నేను మాత్రం బడిలో అడుగు పెట్టనని మొండికేశాను. పిల్లలు ఎదురు చెప్పరు గదా. ఎదురు చెప్పనివాళ్లతో నాకేం పని? "దీని నోటికి తగ్గ ఉద్యోగం దేవుడింకా సృష్టించలేదు" అని మా అమ్మ నిట్టూర్చేది. అట్లాంటి సమయంలో, విత్తనాల అంగళ్లుండే వీధిలో ఒక మేడ మీద కొత్త బోర్డు లేచింది. నంద్యాల అప్పటికింకా జిల్లా కాలేదు, కాబట్టి కొత్త బోర్డు లేస్తే జనం ఆగి చదివేవాళ్లు.

"సామాజిక సమస్యల, ప్రజా విధానాల అధ్యయన కేంద్రం – ప్రాంతీయ విభాగం." ఎక్కడో దూరాన ఉన్న పెద్ద యూనివర్సిటీవాళ్లది. బోర్డు ఆ గది కంటే పొడుగు. చివర ఉన్న 'విభాగం' పక్కింటి కిటికీకి అడ్డంగా పోయింది. ఆ ఇంటాయన పొద్దున్నే కిటికీలోంచి చెయ్యి చాపి బోర్డు మీద దబదబా కొట్టి, "మీ విభాగం తీస్తారా, నన్ను పీకమంటారా?" అని అరిచేవాడు. మేం దేని మీద పరిశోధన చేసేవాళ్లమో చెప్తే మీరు నవ్వుతారు. ఊర్లలో జనం కోర్టు మెట్లెక్కకుండా తమ తగాదాలు తామే ఎట్లా తీర్చుకుంటారు అనేది మా అంశం. "దీనికి ఊర్ల మీద పడి తిరగడమెందుకు సార్, ఈ కిటికీ తెరిస్తే చాలదా?" అని మొదటి రోజే అడిగాను. సారు ముఖం చిట్లించాడు.

సారు గురించి చెప్పాలి. యూనివర్సిటీ నుంచి నెలకోసారి రైల్లో వచ్చేవాడు. కోస్తా మనిషి, మాట మెత్తన, చొక్కా ఇస్త్రీ నలగదు. ఆయన నోట్లోంచి రోజుకు పదిసార్లు రాలే మాట ఒకటుంది: "మనం పరిశీలకులం మాత్రమే అమ్మా." కిందంగట్లో పురుగుమందు డబ్బా ఒలికి ఆఫీసంతా కంపు కొట్టినా పరిశీలకులమే, పక్కింటాయన బోర్డు మీద గుద్దినా పరిశీలకులమే. అందుకని నేను ఆయనకు పరిశీలన సారు అని పేరు పెట్టుకున్నాను. ఇంటర్వ్యూలో ఆయనతో నేను ఏకధాటిగా వాదించాను. అంతా విని, "మీరు క్షేత్రస్థాయిలో బాగా రాణిస్తారు" అన్నాడు. పొంగిపోయాను. ఆఫీసులో మాత్రం ఉండొద్దు తల్లీ అని దానికి అర్థమని చాలా కాలానికి గానీ తట్టలేదు.

సారుకు మా సీమ మీద గట్టి నమ్మకం. సినిమాలు చూసి వచ్చిన నమ్మకం. ఆళ్లగడ్డ అనే మాట వినగానే ఆయన కళ్లలో ఒక మెరుపు, కొంచెం భయం, ఆ వెంటనే కలం తీసుకోవడం. అడుగడుగునా తగాదాలు దొర్లుతుంటాయనీ, నేను పోయి ఏరుకుని రావడమే తరువాయి అనీ అనుకున్నాడు. నేను ఆటోలెక్కి, బస్సులెక్కి, పొలం గట్లెక్కి తిరిగాను. ఏ ఊరికి పోయినా ఒకటే జవాబు. "మీ ఊర్లో తగాదాలేమైనా ఉన్నాయా?" "తగాదాలా? మా ఊర్లోనా? లేవు మ్మా." ఆ మాట చెప్పేవాడి తలకు కట్టుంటుంది. "ఆ కట్టేంది నాయనా?" "గడప తగిలింది మ్మా." గడప తగిలితే తల వెనక దెబ్బెట్లా తగుల్తుందని వాదిస్తే, "మా గడప అట్లాంటిది" అంటాడు. పేపర్లూ పెన్నూ పట్టుకుని ఊర్లోకొచ్చిన మనిషికి ఊరి గుట్టు చెప్పకూడదు. ఇది ఎవరూ నేర్పకుండానే అందరికీ తెలిసిన విద్య. లోకమంతా కొట్లాటల సీమ అని పేరు పెట్టిన నేల మీద నెలల తరబడి తిరిగితే నాకు ఒక్కటంటే ఒక్క కొట్లాట దొరకలేదు.

ఒకరోజు సారు ఫోను చేశాడు. "అమ్మా, పైవాళ్లు అడుగుతున్నారు. వచ్చేవారం నేను వస్తున్నాను. కళ్లతో చూసిన వివాద పరిష్కారం ఒక్కటైనా నివేదికలో లేకపోతే నంద్యాల విభాగం ఎత్తేస్తారు. మీకు ముందే చెప్తున్నాను." విభాగం ఎత్తేస్తే పక్కింటాయనకు గాలాడుతుంది, బాగానే ఉంది. నా సంగతేంది? మా అన్న అప్పటికే షాపులో నాకోసం ఒక స్టూలు కొని పెట్టాడు. "నువ్వు కాగితాలు తీస్తాండు, నేను దుడ్లు తీసుకుంటాంటా" అని పని కూడా పంచేశాడు. ఉద్యోగం పోతే ఆ ఊర్లకు పోవడం పోతుంది, బస్సు కిటికీ పోతుంది, నన్ను "మేడమ్మా" అని పిలిచే ఒకే ఒక లోకం పోతుంది.

నేను తిరిగిన ఊర్లలో నాకు ఇష్టమైన ఊరొకటి ఉండేది. పేరు చెప్పను. ఆ ఊర్లో ఇద్దరు అత్తలు. నాకు చుట్టాలేం కారు, పిలుపుకే అత్తలు. ఒకామె పెరట్లో ఊరంతటికీ సరిపోయే మునగచెట్టుంది కాబట్టి మునగత్త. పక్కింటామెకు ఎనుములున్నాయి (ఎనుములంటే బర్రెలే, మా వైపు అట్లంటారు), కాబట్టి ఎనుములత్త. వాళ్లిద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్లు. ఒకే గోడకు చెరొక వైపు నిలబడి పొద్దంతా మాట్లాడుకునేవాళ్లు. మునక్కాయలు ఇటు నుంచి అటు, మజ్జిగ అటు నుంచి ఇటు. ఎండలో పడి పోయిన నాకు రెండువైపులా అన్నం. ఊరి పెద్ద ఒక మాజీ సర్పంచు. ఆయన్ను అందరూ మాజీ అనే పిలిచేవాళ్లు, ఆయన భార్యతో సహా.

ఆ ఊరికి పోయి, మాజీ ఇంటి వసారాలో కూర్చుని, నా బాధ చెప్పుకున్నాను. బాధ చెప్పుకోవడం వేరు, కొట్లాట పెట్టమనడం వేరు. ఈ తేడా మా అన్నకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. అత్తలిద్దరూ అక్కడే చింతపండు గింజ తీస్తూ కూర్చున్నారు. మాజీ అంతా విని గొంతు సవరించుకున్నాడు.

"ఏం తగాదా గావల్లమ్మా మీ సారుకు? భూమిదా, నీళ్లదా, ఆడోళ్లదా?"

"అట్లా కాదు పెద్దాయనా. ఉన్నది ఏదైనా ఉంటే చూపించండి, చాలు."

"ఉన్నేవి జూపియ్యగూడదు మ్మా. ఉన్నేవి జూపిస్తే ఊరి పరువు పోతాది. లేంది గావల్లంటే జెప్పు, జూస్తాం."

"వద్దు. లేనిది చూపిస్తే అది పరిశోధన కాదు, నాటకమవుతుంది" అని నేను స్పష్టంగా అన్నాను. వసారాలో నలుగురు వినేట్టు అన్నాను. ఎనుములత్త మాత్రం నా మాట పట్టించుకోకుండా మాజీ వైపు తిరిగి, "అంత దూరం నుంచి రైలెక్కి వస్తాండాడంట మనిషి. ఉత్త చేతుల్తో పంపిస్తే మనకు మర్యాదేనా?" అంది. మునగత్త చింతగింజ ఒకటి అవతల పారేసి, "బంగారట్లాంటి పాప, పొయ్యి ఆ జిరాక్స్ మిషన్ కాడ కూచోవల్లనా?" అంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేనూ ఆ చూపు చూశాను, కాదనను. చూపులకు కూడా నన్నే బాధ్యురాలిని చేస్తే ఎట్లా?

సారు అద్దె జీపులో దిగాడు. ఊరు ఊరంతా తలంటుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని నిలబడి ఉంది. తగాదా పడే ఊరు తలంటుకుంటుందా? సారుకు ఉగ్గాని (బొరుగుల ఉప్మా అనుకోండి), మిరపకాయ బజ్జీలు పెట్టారు. ఒక్క బజ్జీకే కళ్లనీళ్లు పెట్టుకుని, "చాలా ఆదరణండీ" అన్నాడు. తర్వాత పాలకేంద్రం అరుగు మీద, ఊర్లో ఉన్న ఒకే ఒక చేతుల కుర్చీ తెచ్చి వేసి కూర్చోబెట్టారు. ఆయన హాయిగా కూర్చున్నాడు, ఆయన పక్కన మెట్టు మీద నేను. అత్తలిద్దరూ చెరోవైపు నుంచి పెళ్లికి నడిచొచ్చినట్టు నడిచొచ్చారు.

మునగత్త మొదలుపెట్టింది. "ఏమ్మే! నా చెట్టు కాయలు నువ్వెట్ల కోసుకుంటావు?"

"నా కొట్టం మీద వాల్తే కొయ్యక, హారతి పడ్తారా?" అంది ఎనుములత్త. జనంలో కిసుక్కున నవ్వులు. మాజీ వెనక్కి తిరిగి కళ్లెర్రజేశాడు. "నవ్వగూడదు. యవ్వారం జరుగుతాంది. రొంత గట్టిగా మాట్లాడండి మ్మా, సారు రాసుకుంటాండాడు."

మునగత్తకు తర్వాతి మాట గుర్తు రాలేదు. కాసేపు ఆకాశం చూసింది, చెట్టు చూసింది, చివరికి ఎనుములత్త దగ్గరకు జరిగి, "తర్వాతేందే వదినా?" అంది. ఎనుములత్త గొంతు తగ్గించి, "నా పెయ్య నీ చెట్టు మొదులు కొరికిందని తిట్టు" అని అందించింది. "ఆఁ! నీ పెయ్య నా చెట్టు మొదులు కొరికింది!" అని మునగత్త ఉరిమింది.

సారు నా వైపు వంగాడు. "ఇప్పుడేం జరిగిందమ్మా?" నేనేం చెప్పాలి? "ఎదుటి పక్షం చెయ్యాల్సిన ఆరోపణ కూడా ఈమే అందిస్తోంది సార్" అని ఉన్నదున్నట్టు చెప్పాను. సారు ముఖం వెలిగిపోయింది. 'పరస్పర సహకారంతో కూడిన వివాద సంప్రదాయం' అని రాసుకుని కింద రెండు గీతలు గీశాడు.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది. కానీ జనం ముందు మాట పండడం మొదలైతే మనిషికి ఆగడం చాతకాదు, నాకు తెలుసు. ఎనుములత్త చెయ్యి ఊపుతూ, "కొరికితే ఏమాయ? చెట్టు చచ్చిందా?" అనగానే, మునగత్త ఎవరూ అందించకుండానే, నడుం మీద చెయ్యేసుకుని అనేసింది.

"మొదులుకు రొన్ని నీళ్లు పొయ్యరాదా మరి, పాలల్లో పోసేది తగ్గించి!"

జనం పగలబడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయారు. మేం కూర్చున్నది పాలకేంద్రం అరుగు. ఎనుములత్త ఇంట్లో పొయ్యి వెలిగేది అక్కడ పోసే పాల మీద. పాలు కొలిచే మనిషి గడపలోనే నిలబడి ఉన్నాడు.

"ఏందీ? మళ్లా జెప్పు" అంది ఎనుములత్త. గొంతు మారింది.

"అదేందే... ఉత్తగా అంటి."

"ఉత్తగా యాడంటివి? నీ కోడలు బాలింతగా ఉన్నెప్పుడు దినామూ చెంబుడు పాలు పంపిస్తి నేను. ఒక్క పైసా అడిగినానా? ఆ పాలను నీళ్ల పాలంటివంట నువ్వు. ఎవురెవురో జెప్పిరి, నేను నమ్మకపోతి. మా వదిన అట్లనదని జెప్పినోళ్లనే తిడ్తి."

"పల్చగ ఉండెనని నా కోడలంటే నేనేం జేద్దును? ఉన్నమాటే గదా!"

ఇది నాటకంలో లేని మాట. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు, ఇద్దరి గొంతులూ పైకి. సారు మాత్రం నా చెవిలో, "అద్భుతమమ్మా, ఇంత సహజంగా..." అన్నాడు. ఆయన్ను గిచ్చాలనిపించింది.

ఇద్దరూ అరిచి అరిచి ఒకేసారి ఆగారు. ఆగి, ఇద్దరూ సారు వైపు తిరిగారు. ఊరంతా సారు వైపు తిరిగింది. "జెప్పు సారూ" అన్నాడు మాజీ.

"నేనేం చెప్తానండీ? మీరు తీర్చుకోండి. నేను పరిశీలకుణ్ణి మాత్రమే."

"ఇద్దరి మాటా విన్యావు గదప్పా. విన్నోడు జెప్పల్ల."

ఆ ఊర్లో పద్ధతి అది. అరుగు మీద కుర్చీలో కూర్చుని ఇద్దరి మాటా వింటే, ఒక మాట చెప్పి లేవాలి. చెప్పకుండా లేస్తే ఇద్దరూ అబద్ధాలకోర్లని ఊరి ముందు ముఖాన ఉమ్మినట్టు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, సారుకు అసలే తెలీదు. ఆయన "జోక్యం మా పద్ధతికి విరుద్ధమండీ" అన్నాడు. మాజీ దాన్ని జనానికి, "సారు తొందరపడి జెప్పే మనిషి గాదు" అని వినిపించాడు. జనంలో గౌరవం పెరిగింది. సారు కళ్లు మూసుకుంటే "ఆలోచన జేస్తాండాడు" అన్నారు. గడియారం చూసుకుంటే "ముహూర్తం జూస్తాండాడు" అన్నారు. చుట్టరికం లేదు, ఓట్ల పని లేదు, ఎవరి పక్కా మాట్లాడడు, పైగా అన్నీ రాసుకుంటాడు. ఇట్లాంటి మనిషి ఆ ఊరికి ఎన్నడూ వచ్చి ఉండడు. అంతే, నెలల తరబడి నాకు "లేవు మ్మా" అని చెప్పిన ముఖాలన్నీ ఒక్కొక్కటే ముందుకొచ్చాయి. ఒకాయన పిల్లకాలువ వంతు గురించి, ఒకాయన జరిగిన గట్టు గురించి. ఒకామె పెళ్లి వంటకని తీసుకుపోయి తిరిగివ్వని ఇత్తడి గుండిగ గురించి మొదలుపెట్టింది. గడప తగిలిందన్న మనిషిదీ ఆ ఊరే, అతనూ వచ్చాడు. తలకు తగిలింది గడప కాదట, తమ్ముడట!

సారుకు సాయంత్రం నంద్యాలలో రైలు. లేవబోతే ఒక అవ్వ ఆయన కాళ్ల ముందు కూర్చుంది. జీపు ముందు వడ్లు ఆరబోశారు, తొక్కించుకుని పోవడానికి ఆయనకు మనసొప్పలేదు. "మీరు చెప్పండమ్మా వీళ్లకి!" అని సారు. "నువ్వన్నా జెప్పు మ్మా ఆ సారుకు!" అని మాజీ. నాకు తిక్క రేగింది.

"సార్, మీరు విన్నారు, రాసుకున్నారు, ఉగ్గాని తిన్నారు. ఇంకా జోక్యం చేసుకోలేదంటే ఎట్లా సార్? ఎదురుగా ఇద్దరు మనుషులు ఏడుస్తున్నారు. ఒక్క మాట చెప్పండి. తప్పో ఒప్పో, ఏదో ఒకటి."

సారు లేచాడు. చెమట తుడుచుకున్నాడు. క్లాసులో చెప్పే గొంతుతో, "ఈ సమస్యలో భిన్న దృక్పథాలు ఉన్నాయి. ఒక నిర్ధారణకు రావాలంటే ఇంకా లోతైన అధ్యయనం అవసరం" అన్నాడు.

మాజీ రెండడుగులు ముందుకేసి, చెయ్యెత్తి, దాన్ని మా భాషలోకి దించాడు. "సారు మాటేందంటే, ఇద్దరి పక్కా న్యాయముంది. సారు మళ్లా వస్తాడు. వచ్చేదంక మునక్కాయలు ఎవురూ కొయ్యగూడదు, పాల మాట ఎవురూ ఎత్తగూడదు, ఇద్దరూ మాట్లాడుకోగూడదు." పిల్లకాలువకూ గట్టుకూ గుండిగకూ కూడా అదే తీర్పు వర్తింపజేసి, గుండిగ తన ఇంట్లో పెట్టించుకున్నాడు. వడ్లు ఎత్తారు. సారు జీపెక్కి, "అపురూపమైన అనుభవం" అంటూ పోయాడు. ఆ ఊరికి మళ్లీ రాలేదు.

పైవాళ్లకు నివేదిక తెగ నచ్చింది. విభాగం ఉంది, బోర్డు ఉంది, పక్కింటాయన గుద్దుళ్లు ఉన్నాయి, నా ఉద్యోగం ఉంది. ఒకటే షరతు. నెలనెలా ఆ ఊరికి పోయి, ఆ వివాదం ఎట్లా నడుస్తోందో రాయాలి. పోయేదాన్ని. పోయేసరికి అత్తలిద్దరూ గోడకు చెరోవైపు నిలబడి ఒకరి వంశాన్ని ఒకరు దుమ్మెత్తిపోస్తుండేవాళ్లు. నాకు అన్నం సయించేది కాదు. "సారు రాడు అత్తా, నేను చెప్తున్నా, మాట్లాడుకోండి" అని బతిమిలాడాను, వాదించాను, బైబిల్లో క్షమాపణ వాక్యాలన్నీ అప్పజెప్పాను. "సారు జెప్పందే ఎట్ల మ్మా?" అనేవాళ్లు. చెట్టు మీద మునక్కాయలు ఎండి, గాలికి గలగలమనేవి. సారుకు ఫోను చేసి, ఒక్కసారి వచ్చి కలిసిపొమ్మని చెప్పండి సార్ అని అడిగితే, "సహజ పరిణామాన్ని చెడగొట్టకూడదమ్మా" అన్నాడు.

ఒక నెల ఆటో దొరక్క, పాల వ్యాన్ ముందు సీట్లో కూర్చుని పొద్దున్నే దిగాను. మామూలుగా నేను పోయేది ఎండెక్కాక. మునగత్త ఇంటి వైపు తిరిగేసరికి పులుసు వాసన. మునక్కాయ పులుసు. అరుగు మీద అత్తలిద్దరూ ఒకే పళ్లెం ముందు కూర్చుని, మునక్కాయ ముక్కలు చీకుతూ, ఏదో చెప్పుకుని ఒకరి భుజం ఒకరు చరుచుకుంటూ నవ్వుతున్నారు. చెట్టు వీధి వైపు ఎండుకాయలు అట్లాగే వేలాడుతున్నాయి, పెరటి వైపు కొమ్మలు నున్నగా కోసి ఉన్నాయి. నన్ను ముందు చూసింది ఎనుములత్త. ఎగిరి లేచి, నోట్లో మునక్కాయ తియ్యకుండానే, "థూ! నీ మొగం జూడ!" అంది. మునగత్త పళ్లెం మీద చెంగు కప్పి, "ఫో ఫో, నీళ్లపాలదానా!" అంది. పులుసు చెంగుకంటుకుని కారుతోంది.

నేనేం చేశానంటారా? వెనక్కి తిరిగి పాలకేంద్రం దాకా పోయి, గట్టిగా దగ్గి, మళ్లీ వచ్చాను. అప్పటికి ఇద్దరూ గోడకు చెరోవైపు ఉన్నారు. 'నేను వెళ్లేసరికి ఇద్దరూ వాదులాడుకుంటున్నారు' అని రాసుకున్నాను. ఇందులో ఒక్క అక్షరం అబద్ధముంటే చూపించమనండి మా అన్నను. నేను పరిశీలకురాలిని మాత్రమే. వాళ్లు కలిసిపోయారని పైకి తెలిస్తే వివాదం ముగిసినట్టు, వివాదం ముగిస్తే నా పని ముగిసినట్టు. ఈ లెక్క వాళ్లే వేసుకున్నారని, నేను తిరిగిపోతుంటే మాజీ ఆటో దాకా వచ్చి, "బాగ కొట్లాడుతాండారు గదమ్మా? సాలా, ఇంగ రొంత పెంచమందామా?" అని అడిగినప్పుడు అర్థమైంది. సరిపోతుందన్నాను.

తర్వాత మా అధ్యయన కేంద్రంవాళ్లకు పట్టణాల్లో పార్కింగు సమస్య మీద ఆసక్తి కలిగి మా బోర్డు ఎత్తేశారు. నేను చివరికి ఆళ్లగడ్డలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. ఎదురు చెప్పనివాళ్లని భయపడ్డాను గానీ, ఈ కాలం పిల్లల ముందు నా నోరు ఏ మూలకూ రాదు. ఆ రోజుల్లో ఎండకు నల్లబడి, చెప్పులు అరిగి, లోకంలో తగాదాలన్నీ నా సంచిలో పడతాయని ఊరూరా తిరిగిన ఆ సన్నటి పిల్ల ఎదురైతే, కూర్చోబెట్టి చల్లటి మజ్జిగ ఇచ్చి, వాదన మాత్రం పెట్టుకోకుండా పంపిస్తాను.

మొన్న ఆ ఊరికి పోయాను. అత్తలిద్దరూ ముసలివాళ్లయ్యారు. ఒకే మంచం మీద కూర్చుని ఉన్నారు. ఇన్నేళ్లూ అడగాలనుకున్నది అడిగాను. "అత్తా, ఆ పొద్దు పాల మాట కూడా నాటకమేనా?"

"నాటకమే మ్మా. నువ్వు బాధపడ్తాంటే జూడలేకపోతిమి" అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో.

మునగత్త నీళ్లు తేవడానికి లోపలికి పోగానే ఎనుములత్త నా చెయ్యి పట్టుకుని, "ఒట్టు మ్మా, నేను సుక్క నీళ్లు గూడా పోయలేదు" అంది. ఆటో దాకా వచ్చిన మునగత్త, అటూ ఇటూ చూసి, "పోసింది మ్మా. నేనే పోనీలే అనుకుంటి" అంది.

ఆటోలో కూర్చుని నవ్వుకుంటూ ఆళ్లగడ్డ చేరాను. కానీ ఆ నవ్వు అయిపోయాక ఒకటి మిగిలింది, ఇంటికొచ్చినా పోలేదు. మా అన్నను అడగను, వాడికేం తెలుసు. సారునడిగితే లోతైన అధ్యయనం అంటాడు. మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ రోజు ఆ అరుగు మీద వాళ్లిద్దరూ నా ఉద్యోగం కోసం కొట్లాడినారా, లేక ఎన్నాళ్లుగానో కొట్లాడలేక లోపలే పెట్టుకుని, నాలాంటిదెవరైనా వచ్చి అడిగితే బాగుండునని ఎదురుచూస్తూ ఉండినారా?